బండల వాకిట్లో తాబేలు

బోధన్‌లో చక్కెర మిల్లు లేస్తున్న రోజులు. లక్ష్మీరాజం మేస్త్రికి చేతినిండా పని. పగలంతా మిల్లు కూలీల క్వార్టర్లకు గోడలు కట్టేవాడు. మిగిలిన పొద్దులో తన ఇంటి వాకిట్లో షాబాదు బండలు పరిచాడు. ఎక్కడా మట్టి కనబడకుండా, అతుకుల్లో సున్నం కూరి, గోడ నుంచి గోడ దాకా పరిచాడు. గల్లీలో అలాంటి వాకిలి ఇంకెవరికీ లేదు.

చెరుకు వేయడానికి పొదలు కొట్టేస్తున్న చోట ఆయనకు రెండు తాబేళ్లు దొరికాయి. నీళ్లలో ఉండేవి కావు, మెట్ట తాబేళ్లు. నల్లటి చిప్ప మీద పసుప్పచ్చ చారలు. పెద్దది ఆడది, చిన్నది మగది. గోనెసంచిలో వేసుకొచ్చి వాకిట్లో వదిలాడు. భార్య నాగవ్వ వాటికి తోటకూర కాడలు, దోసకాయ తొక్కలు వేసేది. అప్పటికి ఆమెకు ఐదో నెల. అంతకుముందు ఇద్దరు పుట్టి, పురుడు వెళ్లకుండానే పోయారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆషాఢంలో వానలు పడగానే పెద్ద తాబేలు తిండి మానేసింది. గోడ వెంబడి తిరిగేది. ఆగిన చోటల్లా వెనక కాళ్లతో బండను గీకేది. గోళ్లు అరిగి బండ మీద సన్నటి నెత్తుటి గీతలు పడ్డాయి. నాలుగో రోజు పొద్దెక్కాక, నిలబడ్డ చోటే ఒక గుడ్డు పెట్టింది. తెల్లగా, చిన్న నిమ్మకాయంత ఉంది. గుడ్డు కాస్త దొర్లి ఆగింది. తాబేలు మెల్లగా వెనక్కి తిరిగి, వాసన చూసి, కొరికింది. పెంకుతో సహా తినేసింది.

లక్ష్మీరాజం తల్లి పెంటవ్వ బియ్యం చెరుగుతూ ఇదంతా చూసింది. చాట పక్కన పెట్టింది.

"గిదేం పురుగే! కన్నదాన్ని అదే తినవట్టె. కడుపుతోని ఉన్నదాని కండ్ల ముంగట గిసోంటిది ఉండొద్దు" అంది.

మర్నాడు ఇంకో గుడ్డు పెట్టింది. అదీ తినేసింది. పెంటవ్వ కొడుకును పిలిచి, "రేపు పొద్దుగాల సంచిల ఏసుకపోయి మంజీర ఒడ్డున ఇడిసిరా. లేకుంటే ఎవలకన్న ఇయ్యి, వండుకుంటరు" అంది. లక్ష్మీరాజం తలూపాడు.

ఆ మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుండగా నాగవ్వ గోడ దగ్గర కూర్చుంది. సున్నం పెచ్చులు గిల్లి నోట్లో వేసుకోవడం ఆమెకు నెల రోజులుగా అలవాటైంది. సిగ్గుపడేది, మానలేకపోయేది. పక్కన గరగరమని చప్పుడైతే చూసింది. పెద్ద తాబేలు మెడ సాచి గోడ అడుగున అదే సున్నాన్ని కొరుకుతోంది. నాగవ్వ దాన్ని చాలాసేపు చూసింది. అరిగిన గోళ్లూ చూసింది.

సాయంత్రం మొగుడు రాగానే చెప్పింది. "అది పగతోని తింటలేదు. దానికి సున్నం తక్కువైంది. గుడ్డు దాసుకుందామంటే మన్ను లేదు. ఒక్క బండ తియ్యి."

"పరిచి రెండు నెలలు కాలే. తాంబేలు కోసం బండ పీకిండని అందరు నవ్వుతరు."

"నువ్వు తియ్యకుంటే నేనే తీస్త."

ఆయన నవ్వాడు. తెల్లారి సంచి వెతకడానికి లోపలికి వెళ్లాడు. నాగవ్వ మూలనున్న గడ్డపార తెచ్చి బండల అతుకులో గుచ్చింది.

"ఏయ్ పిల్లా! కడుపుతోని ఉండి గడ్డపార వడతవా? ఇడువు!" అంటూ పెంటవ్వ ఉరికి వచ్చింది.

"ఇడువ అత్తమ్మా."

పెంటవ్వ గడ్డపార లాక్కుంది. కోడలి ముఖం చూసి ఆగింది. పెదవి అంచున తెల్లగా అంటుకుని ఉంది.

"సున్నం తింటున్నవా?"

నాగవ్వ తలొంచుకుంది.

"నేను గూడ తిన్న. నీ మొగడు కడుపుల ఉన్నప్పుడు ఎర్రమన్ను తిన్న. మా అత్త సూస్తే కొట్టేది." "పక్కకు జరుగు" అంది. గడ్డపార మళ్లీ అతుకులో గుచ్చి, తనే బరువంతా వేసింది.

లక్ష్మీరాజం సంచితో బయటికి వచ్చేసరికి బండ లేచి ఉంది. గడ్డపార తల్లి చేతిలో ఉంది. సంచి పక్కన పడేసి బండను గోడకు ఆనించాడు. ఆ గుంటలో మట్టీ ఇసుకా కలిపి పోశారు. నాగవ్వ కోడిగుడ్డు పెంకులు నలిపి ఆకుకూరలో కలిపి వేసింది.

ఆరు రోజుల తర్వాత, పొద్దు వాలేవేళ తాబేలు ఆ మట్టిని వెనక కాళ్లతో తవ్వింది. తన మూత్రంతోనే మట్టి తడుపుకుంది. నాలుగు గుడ్లు పెట్టి, మన్ను కప్పి, చిప్ప అడుగుతో మోది చదును చేసింది. ఒక గుడ్డు సగం పైకే ఉండిపోయింది. మగ తాబేలు వచ్చి దాన్ని తినేసింది.

"మొగడు సుత తక్కువోడు కాదు" అని పెంటవ్వ నవ్వింది.

కార్తీకంలో నాగవ్వకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లింది, నెల దాటింది, పిల్ల బతికింది. చంద్రవ్వ అని పేరు పెట్టారు. తర్వాత కొన్నాళ్లకు మట్టి కదిలి ఒకే ఒక్క తాబేలు పిల్ల బయటికి వచ్చింది. మిగిలిన గుడ్లు మురిగిపోయాయి. నాగవ్వ ఆ తాబేలు పిల్లను తల్లి ముందు పెట్టింది. తల్లి దాన్ని చూడనైనా చూడక, దాని మీదుగా నడిచి తోటకూర దగ్గరికి పోయింది. నాగవ్వకు ఎందుకో కష్టమనిపించింది. పెంటవ్వ మాత్రం పిల్లను తీసి పగిలిన కుండలో వేసింది.

"తల్లే గాని, నాకు నమ్మకం లేదు" అంది.

మరుసటి ఏడు లక్ష్మీరాజానికి నిజామాబాద్‌లో పని దొరికి ఇల్లు మారారు. పోయే ముందు మూడు తాబేళ్లనూ ఎడ్లబండిలో తీసుకెళ్లి, కందకుర్తి దారిలో రేగుపొదల దగ్గర వదిలారు. చిన్నదే ముందు కదిలింది. పెంటవ్వ మనవరాలిని చంకనేసుకుని, ఆ తాబేలు పిల్ల గడ్డిలో కనబడకుండా పోయేదాకా బండి ఎక్కలేదు.