అతుకు లేని వైరు

పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద షట్టర్ ఎత్తడం, బూడిద డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టుకోవడం, ఎదురు హోటల్ చాయ్ తాగి మొదటి కారు బానెట్ కిందకి తల దూర్చడం. గుండయ్య దినచర్య ఇంతే. కార్లకు దొంగల్ని పసిగట్టే అలారాలు బిగించడం అతని పని. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు కార్లయి ఇళ్ల ముందు నిలబడుతున్న రోజులవి. కొన్నవాడికి నడపడం రాకపోయినా ఫరవాలేదు గానీ, అలారం మాత్రం ఉండి తీరాలి.

బూడిద ఎందుకంటారా? గుండయ్యది పోచంపల్లిలో మగ్గాల ఇల్లు. అక్కడ కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలు పారేయరు. వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పోగును పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు. మగ్గం వదిలినా గుండయ్యను ఆ అలవాటు వదల్లేదు. ఒక కారుకు బిగించిన వైరులోంచి జానెడు ముక్క జేబులో వేసుకునేవాడు, తరవాతి కారుకు దాన్నే అతికేవాడు. మొట్టమొదటి కారుకు అతికింది కూతురు సుమిత్ర ఉయ్యాల మీద వేలాడిన బల్బు వైరు.

అతని అలారాలు దొంగలు ముట్టుకుంటే మోగేవి, సరే. యజమాని ఇంట్లో ఏదైనా చేజారబోతున్నా మోగేవి. అది దొరికిందాకా ఊరుకునేవి కావు. దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. చంపాపేట్ జనార్ధన్ ఫియట్ ఆఫీసు ముందు మొత్తుకుంటే ఆయన సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి పరుగెత్తాడు, భార్య పుస్తెలతాడు మోరీ కాలువ అంచున దొరికింది. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్న వెంకాయమ్మ గారైతే, "మా అంబాసిడరుంది చూశారూ, పాలు పొంగేలోపు పిలుస్తుందండీ" అని మురిసిపోయేది.

పేచీ పెట్టింది పాండురంగం ఒక్కడే. ఎల్బీనగర్ అవతల తాతల నాటి పొలాన్ని కాలనీ చేసి అమ్ముతున్న పెద్దమనిషి. తెల్ల మారుతి కొన్నాడు.

"గుండయ్యా, కొత్త కారు ఇది. అతుకుల బొంత చెయ్యకు. ఒక్కటే వైరు, సీదా ఉండాలె."

"అతుకుంటెనే దానికి పానం, పటేలా."

"చెప్పింది చెయ్."

పెద్ద గిరాకీని వదులుకునే ధైర్యం లేక గుండయ్య అలాగే బిగించాడు. అంతకుముందు బిగించిన వెంకాయమ్మ గారి కారు తాలూకు ముక్క జేబులోనే మిగిలిపోయింది. చేసింది తప్పని చేతులకు తెలుస్తూనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం భార్య కనకమ్మ ఎల్బీనగర్‌లోని ఇంటి నుంచి వచ్చి బస్సు దిగి, చెప్పుల్లేకుండా దుకాణంలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, సుమిత్ర కనిపిస్తలేదు! పొద్దుగాల ఆడుకుంట పోయింది, మళ్ల రాలే. గల్లీలన్ని తిరిగిన, ఠాణాల చెప్పిన. ఆరేండ్ల పిల్ల, ఏడికి పోతదయ్యా?"

గుండయ్య చేతిలోని కటింగ్ ప్లయర్ కింద పడింది. ఊళ్లో కార్లన్నిటికీ కావలి కట్టినవాడికి తన ఇంటి కోసం మోగే హారన్ ఒక్కటి లేదు. అప్పుడే దుకాణం ముందు నిలిపిన ఇంకో పాత గిరాకీ ఫియట్ గొంతెత్తి అరిచింది. దాని యజమాని బాలనర్సయ్య జేబులు తడుముకున్నాడు, కాసేపు ఆలోచించాడు.

"నాదేం పోలే గుండయ్యా. ఇది నీ కోసమే. పో, జల్ది పో."

కనకమ్మను సైకిలు వెనక ఎక్కించుకుని గుండయ్య తొక్కాడు. కొత్తపేటలో ఒక కారు మోగుతోంది. దాన్ని దాటగానే అది ఊరుకుని ముందు వీధిలో ఇంకోటి అందుకుంది. అలా కారు నుంచి కారుకు, ఊపిరి అందక, ఎల్బీనగర్ చౌరస్తా దాకా వచ్చారు. వెంకాయమ్మ గారు గేటు దగ్గరే నిలబడి ఉంది.

"ఇంట్లో అన్నీ చూసుకున్నానయ్యా, పొయ్యి కూడా ఆర్పేశాను. నీ కోసమే ఇది!"

ఆమె అంబాసిడర్ కూడా ఆగిపోయింది. ఆ తర్వాత ఎక్కడా చప్పుడు లేదు. హయత్‌నగర్ వైపా? సాగర్ రోడ్డా? గుండయ్య బానెట్ మీద రెండు చేతులా కొట్టాడు. "ఎటో చెప్పు! చెప్పవే!" అని నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. కళ్లు తుడుచుకోవడానికి జేబులో రుమాలు కోసం వెతికితే వైరు ముక్క తగిలింది. వెంకాయమ్మ గారి కారు తర్వాత అతను కొత్తగా బిగించింది ఒక్కటే కారు, పాండురంగానిది. సుమిత్ర ఉయ్యాల వైరు నుంచి అతుకు అతుకుగా వచ్చిన దారి తెగింది తన చేతుల్లోనే.

సైకిలు పాండురంగం ప్లాట్ల వైపు తిప్పాడు. అక్కడ లారీ నిలబడి ఉంది. కూలీలు పారలతో పాత మోటబావిలోకి మట్టి తోస్తున్నారు. పక్కనే తెల్ల మారుతి, దానికి ఆనుకుని పాండురంగం.

"పిల్లా? గిటు ఏ పిల్ల రాలే గుండయ్యా."

గుండయ్య వినలేదు. బానెట్ ఎత్తి ఆ సీదా వైరును కత్తిరించాడు. పాండురంగం "ఏయ్, ఏం చేస్తున్నవ్?" అని అరుస్తూనే ఉన్నాడు. బూడిద లేదు. కుప్పలోంచి పొడిమట్టి తీసి వేళ్లకు రాసుకుని, జేబులోని ముక్కను మెలిపెట్టి అతికాడు.

మారుతి పెద్దగా ఏడ్చింది. కూలీల పారలు ఆగిపోయాయి. ఆ మోత అర్థం అందరికీ తెలుసు. పాండురంగం చెయ్యెత్తి "ఆపుండ్రి!" అన్నాడు. గుండయ్య బావి మెట్లు దిగాడు. అయిదో మెట్టు దగ్గర, పైకి కనిపించని మూలన, నడుముదాకా మట్టిలో, స్పృహ లేకుండా సుమిత్ర. పైకి తెచ్చి కనకమ్మ ఒడిలో పెడితే పిల్ల సన్నగా మూలిగింది. కనకమ్మ దాన్ని గుండెకు అదుముకుని ఏడుస్తూనే ఉంది.

హారన్ మాత్రం ఆగలేదు.

"పిల్ల దొరికింది గద, ఇగ బంజెయ్" అన్నాడు పాండురంగం, చెవులు మూసుకుని. కూలీలు మళ్లీ పారలు ఎత్తారు.

గుండయ్య బిడ్డ తల నిమురుతూనే మారుతి వైపు తిరిగాడు. "దొరికితె ఊకోవాలె పటేలా. మొత్తుకునేది మీ కారు. మీ ఇంట్ల అందరున్నరా?"

"ఉన్నరు. మనవరాలు భారతి ఒక్కతే నా ఎంబడి వచ్చింది. ఎనక సీట్ల పండుకున్నది."

అనేసి అతనే ఆగాడు. ఇంత మోతలో పిల్ల ఎలా నిద్రపోతుంది? తలుపు తీశాడు. సీటు కింద చిన్న చెప్పుల జత ఉంది, అంతే.

పాండురంగం పంచె ఎగ్గట్టలేదు, చెప్పులు విప్పలేదు. బావిలోకి దూకినంత పని చేశాడు. ఒకప్పుడు మోటారు పెట్టిన గూడు, పిల్లలు దాగుడుమూతలకు దూరే చోటు, మట్టితో మూసుకుపోయి ఉంది. పార వద్దన్నాడు, పిల్లకు తగులుతుందని. చేతులతోనే తవ్వాడు. పక్కన గుండయ్య కూడా తవ్వాడు. గోళ్లు లేచిపోయాయి. "భారతీ, నా తల్లీ, పలుకవే!" అని ఆ పెద్దమనిషి పసివాడిలా ఏడ్చాడు.

ముందు ఒక పాదం బయటపడింది, తర్వాత గౌను అంచు. పైకి తెచ్చి మెట్టు మీద బోర్లా పడుకోబెట్టి గుండయ్య వీపు మీద చరిచాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పిల్ల మట్టి కక్కి దగ్గింది.

పైన హారన్ ఆగిపోయింది.

పిల్లలిద్దరూ తేరుకున్నాక గుండయ్య లేచి, అలవాటుగా బానెట్ మూయబోయాడు. మట్టి వేళ్లతో మెలేసిన ఆ ముడి అలా బయటికే కనిపిస్తోంది. మనవరాలిని భుజాన వేసుకుని పాండురంగం పక్కకొచ్చి నిలబడ్డాడు, దానివంకే చూశాడు.

"గుండయ్యా" అన్నాడు. "దాన్ని తియ్యకు."