ఉడికిన ముక్క

ఆహార తనిఖీ ఆఫీసు పెద్దమనుషులారా, మా అక్క చేపల కొట్టుకు తాళం వేసింది మీరు. నలుగురిలో ఆమెను దొంగ అన్నదీ మీరే. మీ దగ్గరున్న రుజువేమిటి? ఒక ఉడికిన ముక్క!

అక్క అమ్మేది తల, తోలు, ముల్లు లేని తెల్లటి చేప ముక్కలే. చేప కళ్లు చూస్తే కొనేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది మరి. ఖరీదైన చేప పేరు చెప్పి చవక రకం అంటగడుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. ఇన్‌స్పెక్టరు ఒక ముక్క పట్టుకెళ్లాడు. ల్యాబు 'సరిపోలలేదు' అంది. అంతే, తాళం పడింది.

నేను ల్యాబు మీదికి తగవుకు వెళ్లాను. అక్కడి పరీక్షకురాలు నా అరుపులన్నీ విని, నీలం గీతలున్న ఒక జిగురు పలక చూపించింది.

"కండలోని ప్రొటీన్లను నీళ్లలోకి దింపి, దీని మీద కరెంటుతో పరుగెత్తిస్తాం. ఒక్కో జాతికి గీతలు ఒక్కో తీరుగా పడతాయి. తలా తోలూ లేకపోయినా పట్టేస్తాం. ఇదుగో, మీ అక్క చేప వరస."

అక్కడ గీతల్లేవు. అలుక్కుపోయిన మరక ఉంది.

"ఇదేంటి మేడం, మా చేపకు ఒంట్లో ఏమీ లేదా?"

"నాకు వచ్చింది ఉడికిన ముక్క. ఉడికితే ప్రొటీన్లు గుడ్డు తెల్లసొనలా గడ్డకడతాయండీ, ఇక నీళ్లలోకి దిగవు. ఈ పరీక్ష పచ్చి ముక్కకే. పచ్చిదేనని రాసి పంపారు, నేను నమ్మాను. 'చెప్పలేం' అని రాయాల్సింది. తప్పు నాదీ ఉంది."

ఇన్‌స్పెక్టరును నిలదీశాను. ఆయన ముక్కు చిట్లించాడు.

"ల్యాబు బండి వచ్చేదాకా గదిలో కంపు భరించాలా? కెటిల్‌లో వేసి ఉడకబెట్టించాను. శుభ్రంగానే పంపాం కదా!"

"ఉప్పూకారం కూడా తగిలించకపోయారా సార్?"

ఈ మాట చెబితే అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కోత కత్తిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒరేయ్, గోదాము నుంచి నాకు వచ్చేవీ తల తీసిన చేపలే. వాళ్లు చెప్పిన పేరు నమ్మి అమ్ముతున్నా. పచ్చి ముక్క పెట్టినా సరిపోలకపోతే?"

ఇన్నాళ్లూ ఆమె తరఫున అరిచానే గానీ, ఆమె భయమేమిటో అడగలేదు.

"అప్పుడేం చేస్తావక్కా?"

"ఆ పేరుతో అమ్మడం మానేస్తా. ఏం అమ్ముతున్నానో నాకు తెలియొద్దట్రా?"

అందుకే అడుగుతున్నాను, బతిమాలడం లేదు. తాళం తీయండి. కొట్టులోదీ, గోదాములోదీ పచ్చి ముక్కలు మా ఎదుటే కోసి, ఐసులో పెట్టి ఇవాళే ల్యాబుకు పంపండి. పక్కనే అసలు చేప ముక్కనూ పెట్టి గీతలు తీయించండి. ఏది తేలినా బజారు నడుమ నిలబడి, దొంగ అన్నంత గట్టిగా చదవండి. ఆ కెటిల్‌ను మాత్రం వెంట తేకండి.