పడికో గాటు

"ఆరు గాట్లు దిగినాది," అన్నది జానకమ్మాళ్, కొలపుల్లను కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని.

కోడలు తిరుమలమ్మాళ్ దీపాల మసి తుడుస్తూ ఉంది. తలెత్తలేదు. ప్రతి శుక్రవారం ఆముదంలో పుల్ల ముంచి చూడటం ఆ ఇంట్లో పూజకంటే ముందు జరిగే పని. పుల్ల మీద ఇరవై నాలుగు గాట్లు, పడికో గాటు. మామగారి తండ్రి నల్లతుమ్మ చేవతో చెక్కినది. ఆయుధపూజ నాడు నాగలి పక్కన నిలబెట్టి దానికీ పసుపూ కుంకుమా పెడతారు. దీపాలకు రోజుకు ఒక ఉళక్కు, అంటే పడి కొలతలో నాలుగో వంతు. శుక్రవారం రెండు ఉళక్కులు. వారానికి సరిగ్గా రెండు పడులు అవుతుంది. రెండు గాట్లు దిగాలి. పెళ్ళయి వచ్చిన ఆరేళ్ళుగా అంతే దిగింది.

"రెండు పోను నాలుగు పడులు యాడికి పోయినాది?" అన్నది అత్త.

"నాకేమి తెలుసు అత్తా? నేను రోజూ పోసినంతే పోసినాను."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాదంట. నేను నీ పేరు చెప్పినానా?"

చెప్పలేదు, నిజమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అని మాత్రం అన్నది. అది కూడా నూతి దగ్గర, పక్కింటి పేచ్చియమ్మాళ్ వింటూ ఉండగా. పేచ్చియమ్మాళ్ విన్నదంటే ఊరంతా విన్నట్టే. పొద్దు వాలేసరికి ఊళ్ళో సగం మందికి తిరుమలమ్మాళ్ పుట్టిల్లు ఏ దిక్కున ఉందో, అక్కడికి నూనె మోసుకుపోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క తేలిపోయింది.

తిరుమలమ్మాళ్‌కు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. ఆ నూనె ఎవరు వండారు? మాసి నెలలో పన్నెండు రోజులు పొయ్యి దగ్గర కూర్చుని గింజలు వేయించింది తను. రోట్లో వేసి దంచింది తను. నీళ్ళలో వేసి మరగబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి తీసి, అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది తను. అప్పుడు మొగుడు అయ్యసామి వాకిట్లో నిలబడి, "కూర్చుని కలిపే పనే కదా, దానికింత మూలుగేల?" అన్నాడు. తను వండిన నూనెను తనే దొంగిలించిందట. దొంగిలించి ఏం చేసుకుంటుంది, తాగుతుందా? ఆ మాట అత్తతో అనాలని నోటిదాకా వచ్చింది. ఆముదం తాగిన మొహం ఆ ఇంట్లో ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి మింగేసింది.

రాత్రి అన్నం తింటూ అయ్యసామి తీర్పు చెప్పేశాడు. "వచ్చే శుక్రవారం సాయంత్రం మారియమ్మ గుడిలో కర్పూరం ఆర్పి సత్తియం చెయ్యి. నువ్వు తీయకుంటే నీకేమి భయము? అమ్మ మనసు చల్లబడతాది."

వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి, నేను చెయ్యలేదు అని చెప్పాలి. అబద్ధమైతే ఆ తల్లి చూసుకుంటుంది. నిజమైతే? నిజమైతే ఊరు చూసుకుంటుంది. ఇరవై ఏళ్ళ కింద ఒకామె గొలుసు కోసం అలా ఆర్పింది. ఆ గొలుసు తర్వాత గడ్డివాములో దొరికింది కూడా. అయినా ఈనాటికీ ఆమెకు పేరు లేదు. "సత్తియం చేసిందే, ఆమె" అంటారు. ఆమె కూతుర్ని "సత్తియం చేసినదాని కూతురు" అంటారు. మొగవాడికి అది ఒక్క చరుపు. ఆడదానికి అది ఇంటిపేరు.

ఆ వారమంతా తిరుమలమ్మాళ్ ఉళక్కు గిన్నె అంచు దాకా, ఒక చుక్క ఎక్కువ కాకుండా తీసి దీపాల్లో పోసింది. మళ్ళీ శుక్రవారం వచ్చింది. అత్త పుల్ల ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది.

"ఒక్క గాటే దిగినాది!" అన్నది. ఒక్క క్షణం ఆలోచించి, మొహం విప్పార్చుకుని కొడుకును కేకేసింది. "అయ్యసామీ, చూసినావా? రెండు దిగవలసింది ఒకటే దిగినాది. సత్తియం అనేసరికి భయమేసి, తీసిన దానిలో ఒక పడి తెచ్చి పోసేసినాది!"

అయ్యసామి పెళ్ళాం వైపు తిరిగి, "శరి, మిగతాది కూడా పోసేయి. సాయంత్రం గుడికి పోక తప్పదు అనుకో," అన్నాడు, పెద్ద మనసు చేసుకున్నవాడిలా.

తిరుమలమ్మాళ్ కోపంతో బిందె తీసుకుని నూతికి పోయింది. తను తీయనూలేదు, తిరిగి పోయనూలేదు. తీశానని చెప్పేదీ పుల్లే, పోశానని చెప్పేదీ పుల్లే. చేద పైకి లాగి బిందెలో పోస్తూ ఉంది. మొదటి చేద పోసినా, రెండోది పోసినా బిందె పొట్టలో నీళ్ళు పెద్దగా పైకి రాలేదు. మూడో చేద ఒలికిస్తూ ఉండగానే మెడ దగ్గర గబుక్కున పొంగి పాదాల మీద పడ్డాయి. రోజూ చేసే పని, చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కునేది. ఈరోజు కోపంలో మరిచింది. తడిసిన పాదాల వంక చూస్తూ అలాగే నిలబడిపోయింది.

మునుపు ఆముదం ఉంచిన పాత రాతి తొట్టి పైనుంచి అడుగు దాకా ఒకే వెడల్పు. పుల్ల దానికి చెక్కింది. అది బీట వేస్తే, పోయిన నెల అయ్యసామి పత్తి బండి తోలుకుని కోయంబత్తూరు పోయి, కుంపిణీ దొర ఒకడు బంగళా ఖాళీ చేస్తూ వేలం వేసిన సామానులో ఈ సీమజాడిని తెచ్చాడు. సన్నని మెడ, తొమ్మిదో నెల పొట్ట, మళ్ళీ సన్నని అడుగు. తొట్టి ఎంత ఎత్తో ఇదీ అంతే. రెండు వారాల కింద నింపితే ఇరవై నాలుగు పడులూ పట్టింది. పుల్ల కూడా నిలువునా సరిపోయిందని నలుగురికీ చూపించి మురిసిపోయాడు. మెడలో ఉన్నంతసేపూ నూనె గబగబా దిగుతుంది. పొట్టలోకి వచ్చాక కదలదు. నీళ్ళు మోసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. అయ్యసామి పుట్టిన తర్వాత ఒక్క బిందె మోసిన పాపాన పోలేదు. అత్త మోసి మోసి, కోడలు వచ్చిన రోజున దించి, దానితోపాటు మరిచిపోయింది.

తిరుమలమ్మాళ్ ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించలేదు. పెరట్లో అండా, గంగాళం, ఉన్న బిందెలూ కడిగి తుడిచి ఎండలో వరసగా పెట్టింది. గోడ మీదుగా పేచ్చియమ్మాళ్‌ను పిలిచింది. "అక్కా, ఇట్లా రండి. అత్త అన్న మాట మోసింది మీరే, లెక్క కూడా మీరే మొయ్యండి."

"ఏమే, వంట యాడ?" అని వచ్చిన అయ్యసామి గిన్నెల వరస చూసి ఆగిపోయాడు.

"జాడిని పెరట్లోకి పట్టండి మామా," అన్నది మొగుడితో. "అత్తా, మీరు ఆ పీట మీద కూర్చోండి. రెండు వారాలకు నాలుగు పడులు పోసినాను అంటున్నాను నేను. ఇరవై ఉండాల. మీ పుల్ల పదిహేడంటాది. కొలుస్తాము."

"పుల్ల ఉండగా కొలిచేదేమి?" అన్నది అత్త. కానీ పేచ్చియమ్మాళ్ అప్పటికే కొంగు దోపుకుని కూర్చుంది. ఇటువంటిది వదులుకునే మనిషి కాదు.

తిరుమలమ్మాళ్ పడి నింపి అండాలో పోసింది. పేచ్చియమ్మాళ్ "లాభం" అన్నది. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు. తర్వాత రెండు, మూడు. ఆముదం నీళ్ళలా కాదు, తీగలా సాగుతుంది, తొందరపడితే రాదు. పదిహేడు అనేసరికి అయ్యసామి వంగి జాడిలోకి చూశాడు. ఇంకా ఉంది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఆఖరు పడి అంచుకు ఒక వేలెడు తక్కువగా నిండింది, ఆ తక్కువ జాడి గోడలకు అంటుకుని మెరుస్తూ ఉంది.

"ఇరవై," అన్నది పేచ్చియమ్మాళ్. కాస్త నిరాశగానే అన్నది.

తిరుమలమ్మాళ్ ఆగలేదు. ఖాళీ జాడిలో వెదురు బద్ద నిలబెట్టి, ఒక్కొక్క పడీ తిరిగి పోస్తూ, నూనె తగిలిన చోట కొడవలితో గాటు పెట్టింది. అడుగున రెండు గాట్లు జానెడు దూరంలో పడ్డాయి, తర్వాతవన్నీ వేలు పట్టనంత దగ్గర దగ్గరగా వచ్చాయి. పాత పుల్లను పక్కన పెడితే అయ్యసామికి కూడా అర్థమైంది.

"ఓహో, ఇదంతా పుల్ల చేసిన పనా!" అని నవ్వేశాడు. "పోనీ, బాగైనాది. పోయి వంట చూడు."

అత్త కూడా పీట మీదనుంచి లేచింది. "శరి, ఇంగ సత్తియం అక్కరలేదు పో."

"గుడికి పోదాము అత్తా," అన్నది తిరుమలమ్మాళ్. జిడ్డు చేతులు బూడిదతో రుద్దుకుంటూ, గొంతు పెంచకుండా అన్నది. "సాయంత్రం అందరూ వస్తారు, చెప్పి పెట్టినారు కదా. నేను కర్పూరం ఆర్పను. నా కోడలు తీయలేదు అని మీరు చెప్పండి. నూతి దగ్గర ఎంత గట్టిగా చెప్పినారో అంత గట్టిగా. అంతవరకు ఈ ఇంట్లో పొయ్యి గానీ దీపం గానీ నేను ముట్టించను."

పేచ్చియమ్మాళ్ కళ్ళు ఇటూ అటూ తిరిగాయి. జానకమ్మాళ్ మొహం ఎర్రబడింది.

"తప్పు చెప్పినాది పుల్ల! దానికి నేనేల గుళ్ళో నిలబడి చెప్పాల?"

తిరుమలమ్మాళ్ ఇందాక అత్త లేచిన పీటను ముందుకు లాక్కుని, ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి, అత్త నిలబడి ఉండగా కూర్చుంది.

"పుల్ల ఆరు గాట్లు అన్నాది, అంతే అత్తా. దొంగ అన్నది పుల్ల కాదు."