రెప్పవెంట్రుకతో తిప్పిన చేపపిల్ల

నేను ఒక కనురెప్ప వెంట్రుకను. నవ్వకండి. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో నాకు ఉద్యోగం ఉంది, అదీ పర్మనెంటు!

పుట్టింది తబస్సుమ్ రెప్ప మీద. ఆమె అక్కడ చారల చేపల మీద పరిశోధన చేసేది. ఒకరోజు నన్ను పుటుక్కున పీకి, టూత్‌పిక్ కొసకు జిగురుతో అతికించింది. ఇంకా పూర్తిగా ఎదగని చేపపిల్లను మైక్రోస్కోపు కింద అటూ ఇటూ తిప్పడానికి నా అంత మెత్తని పనిముట్టు లేదట. చదువు ముగించి వెళ్తూ నన్ను జూనియర్ మృణాళిని చేతిలో పెట్టింది.

"ఛీ! రెప్పవెంట్రుకనా? నేను ముట్టనక్కా."

"నాదేనే పిల్లా! సూది తగిలితే చేపపిల్ల సచ్చిపోతది. గిదైతే దానికి తెల్వనే తెల్వది."

ముట్టలేదు. నన్ను డబ్బాలో పడేసి తళతళలాడే స్టీలు సూది తెచ్చుకుంది. మనుషులకు మెరుపంటే అంత మోజు మరి!

ఆ పిల్ల పట్టుకున్న ప్రశ్న మాత్రం బంగారం. చేపపిల్ల ఒంట్లో కొన్ని కణాలు గుంపుగా చెవి దగ్గర బయలుదేరి తోక దాకా నడుస్తాయి. కీమోకైన్ అనే రసాయనం దారి పొడవునా వాటిని 'ఇటు రండి' అని పిలుస్తుంటుంది. ఆ దారిలో పిలుపు ఆపేసి కడుపు వైపు నుంచి పిలిస్తే, కణాలు అటు మళ్ళుతాయా? అది చూడాలంటే చేపపిల్లను గోరువెచ్చని జెల్లీలో, అది గడ్డకట్టేలోగా, పక్కకు పడుకోబెట్టాలి. మృణాళిని సూది పెట్టిందంటే దాని పొట్ట కింద ఆహారం దాచుకున్న పచ్చసొన సంచి పగలడమే. చివరికి గైడు గోవర్ధన్ గారు విసిగిపోయి, "ఈ బ్యాచ్‌తో చూద్దాం. కాకపోతే టాపిక్ మార్చెయ్యమ్మా" అన్నారు.

పిలుపును కడుపు వైపుకు మార్చిన ఆ బ్యాచ్ కూడా సూదికే బలైంది, ఒక్క చేపపిల్ల తప్ప. మృణాళిని కళ్ళు తుడుచుకుని డబ్బా తెరిచింది. మొహం చిట్లించుకుంటూనే నన్ను స్పిరిట్‌తో కడిగి, నీళ్ళతో ఇంకోసారి కడిగి పట్టుకుంది. నాకు ఎంత సంబరమో! జెల్లీ అప్పటికే చిక్కబడుతోంది. చేపపిల్ల తోక ఝాడించింది. నేను దాని వీపు కిందికి దూరి మెల్లగా నెట్టాను. బుద్ధిగా ఒరిగి పడుకుంది.

మధ్యాహ్నమంతా మృణాళిని మైక్రోస్కోపు తెరకు అతుక్కుపోయింది. కణాల గుంపు బయలుదేరింది. కాసేపు తటపటాయించింది. తర్వాత కడుపు వైపు మళ్ళింది!

"సార్! మళ్ళినయ్ సార్, మళ్ళినయ్!" అని వరండాలోకి పరుగెత్తింది. గోవర్ధన్ గారు కళ్ళజోడు కూడా మరిచి వచ్చి, తెర మీదికి వంగిపోయారు.

"సార్, మరి టాపిక్ మార్చమన్నరు కద?" అంది మృణాళిని.

"ఎవరమ్మా ఆ తెలివితక్కువవాడు?" అన్నారాయన.

ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వుల్లో నన్ను బల్ల మీదే మరిచిపోయారు. పోనివ్వండి. కణాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, ఇక్కడి నుంచి తెర నాకు చక్కగా కనిపిస్తోంది.