మూడుతో భాగించి చదివే పేపరు

ఆ వీధిలో అందరికీ ఆమె కుట్టుపిన్ని. నలభై ఏళ్లుగా మిషను ముందు కూర్చుని వీధివాళ్ల నడుములు కొలుస్తోంది కాబట్టి ఎవరి మాటలో ఎంత కత్తిరించాలో ఆమెకు బాగా తెలుసు. పొద్దున్నే టీ గ్లాసు పక్కన, గోరంతను కొండంత చేసి రాసే ఆ రంగుల పేపరు ఉండాల్సిందే. అందులో ఏ అంకె కనిపించినా మూడుతో భాగించి చదివేది. ముప్ఫైమంది కొట్టుకున్నారంటే పదిమంది అన్నమాట. ఎవరైనా ఎగతాళి చేస్తే, "కోతలైతేనేం, మనలాంటివాళ్ల గురించి రాసేది ఇదొక్కటే" అని వెనకేసుకొచ్చేది.

ఆ మంగళవారం స్నానాలగది గడియ బిగుసుకుపోయి పిన్ని లోపల ఇరుక్కుంది. గోల పెడితే పక్కింటి వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు ఆమె బకెట్టు బోర్లించుకుని కూర్చుని, తలుపు ఎలా తీయాలో వడ్రంగికే పాఠం చెప్పింది. ఖర్మకాలి, పొడవు తగ్గించమని ఇచ్చిన ప్యాంటు కోసం ఆ పేపరు విలేకరి సరిగ్గా అప్పుడే వచ్చాడు.

మర్నాడు మూడో పేజీలో అరచేయంత అక్షరాలు: "స్నానాలగదిలో వృద్ధురాలి మృత్యుపోరాటం! ఏడు గంటల నరకం!"

"వృద్ధురాలా? నాకింకా అరవై రెండేరా!" అని పిన్ని వడ్రంగి మీద విరుచుకుపడింది, రాసింది అతనే అన్నట్టు. "ఏడు గంటలట! మూడుతో భాగించినా లొంగేలా లేదు."

పది కొట్టేసరికి గుమ్మంలో పిన్ని సొంత అక్క ప్రత్యక్షమైంది.

ఆరేళ్ల కిందట, తన మనవరాలికి పిన్ని కుట్టిన గౌను బిగుతైందని, అక్క నలుగురిలో "నీకు చూపు ఆనడం లేదే" అనేసింది. కుట్టుపనివాళ్లతో అనకూడని మాట అది. "అయితే చూపున్నవాళ్ల దగ్గరే కుట్టించుకో" అంది పిన్ని. అంతే, రెండు వీధుల అవతలుండే అక్క మళ్లీ ఈ గడప తొక్కలేదు. పిన్నీ పంతం వదల్లేదు. కానీ వీధిలో అక్క గొంతు వినిపిస్తే మిషను ఆపేది.

"ఏడు గంటలుండి నన్ను పిలవాలనిపించలేదటే నీకు!" అక్క వాటేసుకుని భోరుమంది. చేతిలో అదే పేపరు నలిగిపోయి ఉంది.

"చెత్త పేపరంటూ నువ్వు దాన్ని ముట్టుకోవుగా?" అంది పిన్ని.

"మా పక్కింటివాళ్లది" అంది అక్క తడుముకోకుండా. అక్క పక్కింట్లో పేపరే వేయించుకోరని పిన్నికి తెలుసు.

అక్క ఆమె చేతులు తిప్పి తిప్పి చూస్తోంది, ఎక్కడైనా గీసుకుపోయిందేమోనని. పిన్ని మనసులో లెక్క వేసుకుంది. ఉన్నమాట చెబితే ఉత్తపుణ్యానికి పరిగెత్తుకొచ్చానని మనిషి మళ్లీ వెళ్లిపోతుంది. చెప్పకపోతే ఉంటుంది. కానీ ఆ చేతులు అలా నిమురుతుంటే అబద్ధం పెగల్లేదు.

"ఏడు గంటలు కాదక్కా... ఇరవై నిమిషాలు."

అక్క పేపరు వంక చూసింది, ఊడదీసిన తలుపు వంక చూసింది. తర్వాత గోడగడియారం కేసి తలెత్తింది.

"ఏడు గంటలని రాశారు. ఇప్పుడు పది. సాయంత్రం అయిదు దాకా ఇక్కణ్నించి కదలను. టీ పెట్టు."

ఈ ఒక్క అంకెను మాత్రం పిన్ని భాగించలేదు.