నునుపు మేస్త్రీ పన్ను

పళ్ల డాక్టరమ్మ కొత్తగా తీసుకున్న క్లినిక్‌లో ముందుగది చీకటి గుయ్యారంలా ఉండేది. నేల నుంచి కప్పుదాకా గోడలకు ముదురు గోధుమరంగు చెక్క పలకలు. లోపలికొచ్చిన పిల్లలు కుర్చీ చూడకముందే ఏడుపు లంకించుకునేవారు. ఆ పలకలకు లేత రంగు వేయించాలని మూడు రోజులు క్లినిక్ మూసి, రంగుల మేస్త్రీని పిలిపించింది. తాను రంగేసిన గోడ మీద ఈగ వాలినా జారిపడాలన్నది అతని పట్టుదల. అందుకే అందరూ నునుపు మేస్త్రీ అంటారు.

అతను వచ్చాడు గాని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది.

"ఆ బుగ్గేంటి మేస్త్రీ గారూ?"

"ఏం లేదమ్మా, ఒక పక్కకి పడుకున్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"పది రోజులు" అనేసి నాలిక కరుచుకున్నాడు. దానికి కూడా కుడివైపు పళ్లే వాడాడు.

"ఒక్కసారి చూడనివ్వండి."

"ముందు గోడ చూద్దాం పదండి" అంటూ బకెట్ అందుకున్నాడు.

సోడా కలిపిన వేడినీళ్లతో పలకలు తుడిస్తే ఏళ్ల తరబడి పట్టిన జిడ్డంతా నల్లగా దిగింది. ఆరాక డాక్టరమ్మ కూడా సాయానికి దిగింది; చెరో ఉప్పుకాగితం పట్టుకున్నారు.

"అడ్డంగా కాదమ్మా, చెక్క చార వెంబడి రుద్దండి."

"నున్నగానే ఉందిగా, ఇంకా ఎందుకూ?"

"మరీ నున్నగా ఉంటే రంగు పట్టదు, గోరు పెడితే ఊడొస్తుంది. పాత పాలిష్ మెరుపు పోవాలి."

చేతులు లాగేస్తున్నా ఆవిడ అతని మాట వింది. దుమ్ము తుడిచాక మేకుల గుంటలకూ పగుళ్లకూ లప్పం పెట్టాలి. ఆవిడ చిన్న రేకు అందుకుంది. ఒక్కో గుంటలో గాలి చేరకుండా లప్పం నొక్కి, పైన రేకు ఒక్కసారి లాగి సమం చేసి, పక్కన మరక లేకుండా ముందుకు సాగింది. మేస్త్రీ తన పని మానేసి చూస్తూ నిలబడ్డాడు. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఇంత శుభ్రమైన చెయ్యి ఒక్కరికీ లేదు.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"రోజూ చేసేదేగా. కాకపోతే ఈ గుంటలు అరవవు."

మేస్త్రీ నవ్వబోయి బుగ్గ పట్టుకున్నాడు. మర్నాడు గట్టిపడ్డ లప్పం మళ్లీ రుద్ది, ప్రైమర్ వేశారు.

"ఇది ఆరడానికి ఎంతసేపు?" అడిగింది డాక్టరమ్మ.

"నాలుగు గంటలు." కాసేపు కుంచె కడిగాడు. కడిగిన కుంచెనే మళ్లీ కడిగాడు. "పన్నుకి ఎంతసేపమ్మా?"

ఆవిడ నవ్వలేదు. "ఒక గంట. చేసే ముందు ప్రతిదీ చెప్పే చేస్తాను."

అతను కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. మాటిచ్చినట్టే ఒక్కోటీ చెబుతూ ఆవిడ మత్తు సూది ఇచ్చి, చీము తీసి, మందు పెట్టింది; భయంలో అతని చెవికి ఒక్కటీ ఎక్కలేదు. "పీకక్కర్లేదు. ఇంకో రెండుసార్లు రావాలంతే."

"మొదలెట్టండి మరి" అన్నాడు మేస్త్రీ, కళ్లు తెరవకుండానే.

"అయిపోయిందండీ!"

మూడో రోజు పలచగా రెండు పూతలు వేశారు, మధ్యలో ఇంకోసారి మెత్తగా రుద్ది. గది లేత వెన్నరంగులో వెలిగిపోయింది. బుగ్గ సగానికి తగ్గిన మేస్త్రీ ఆ పూట రెండు వైపులా నమిలి భోంచేశాడు.

తర్వాతి వారం అతను రెండో విడతకు వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. తాత వెంట వచ్చిన ఓ చిన్నపిల్ల ఏడవడం మరిచిపోయి, గోడ పొడుగునా అరచెయ్యి జారిస్తూ నడుస్తోంది.

"చేతులు కడుక్కున్నావా తల్లీ?" అన్నాడు మేస్త్రీ కంగారుగా.