ఆరు వందల సంపుటాల గాలి

పక్క ఊరి రైగన్‌జి గుడిలో ఏటా జనవరి పదహారున మహా ప్రజ్ఞాపారమితా సూత్రం చదువుతాం. ఆరు వందల సంపుటాలు, ఎనిమిది మంది పూజారులం, గంటన్నరలో పూర్తి. ఎలాగంటారా? మడతల పుస్తకాన్ని పై చేతిలోంచి కింది చేతిలోకి జలజలా జార్చి, గ్రంథం పేరూ, దాన్ని చైనా భాషలోకి తెచ్చిన పండితుడి పేరూ గొంతు చించుకుని అరుస్తాం. “దై హన్యా హరమిత్త క్యో!” ఠప్పున మూసి ఇంకోటి అందుకుంటాం. సంస్కృతంలో పుట్టిన పేరు చైనా లిపిలో ఇరుక్కుని, మా జపాను నోళ్లలో పడి అలా తయారైంది. ఆ పుస్తకాల గాలి తగిలితే రోగాలు పోతాయని జనం నమ్మకం. నలభై ఏళ్లుగా ఆ గాలి విసురుతున్న ఘనుణ్ణి నేను, గిదో. లోపల ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు.

ముందటేడు ఆ గుడికి షున్‌కై అనే కుర్ర పూజారి వచ్చాడు. ఏడాది చూసి, నిరుటి జనవరి పూజ అయ్యాక, గుడి పెద్ద కువబారా కాగితం మీద ముద్ర వేస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. భార్యకి అప్పుడు ఏడో నెల.

పూజకి వారం ముందు తొమె అవ్వ అతన్ని పట్టుకుంది. ఆవిడకి ఎనభై రెండు.

“నాయనా, ఐదో ఏట నుంచీ ఆ పేరు వింటున్నా. లోపల ఏముందో నేను పోయేలోపు చెబుదూ!”

పిచ్చివాడు, ఆ మాట నమ్మాడు.

పూజ రోజు మేం ఏడుగురం ఊపు మీదున్నాం. అతను మాత్రం ఒక సంపుటం నింపాదిగా తెరిచి చదివాడు. చదివింది జనానికి మామూలు మాటల్లో చెప్పాడు.

“బోధిసత్వుడన్నది ఉత్త పేరు. ప్రజ్ఞాపారమిత అన్నదీ ఉత్త పేరే. ఆ పేరు...”

మా అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కువబారా లేచాడు. మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద అమ్మే వ్యాపారి, గొంతు పెద్దది.

“ఏమయ్యా, ఏం చేస్తున్నావ్?”

“చదువుతున్నానండీ.”

“అదే, ఎందుకంట? మా తాతలెవరైనా చదివారా? పేరు చెబితే వాళ్లకి సరిపోలేదా? అవతల వంటలు చల్లారిపోతున్నాయి!”

షున్‌కై ఆశగా తొమె అవ్వ వైపు చూశాడు. ఆవిడ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

“నేనేదో మాటవరసకి అడిగాలే నాయనా. మోకాళ్లు పీకేస్తున్నాయి, ముందు ఆ గాలేదో తగలనీ.”

కువబారా నా వైపు తిరిగాడు. “గిదోగారూ, పెద్దవారు, మీరు చెప్పండి. ఇదేం పద్ధతి?”

ఒట్టు, ఆ పేరు తర్వాత ఏముందో వినాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. నలభై ఏళ్లలో మొదటిసారి. కానీ మా గుడి కప్పు బాగుచేయిస్తున్నది కూడా ఈ కువబారాయే.

“పుటలు తిప్పడమే పద్ధతి,” అన్నాను.

షున్‌కై నన్నొకసారి చూశాడు. పుస్తకం మూశాడు. చేతులు పైకెత్తి జలజలా జార్చాడు. ఆ సాయంత్రమే ముద్ర పడింది.

ఈ ఏడు అతని చేతి ఒడుపు చూడాలి! ఎనిమిది మందిలో అతనిదే పెద్ద గొంతు. కువబారా మురిసిపోయాడు. మోకాళ్లు దూదిలా తేలిపోతున్నాయని తొమె అవ్వ ఊరంతా చాటింది. విందులో షున్‌కై నా పక్కనే కూర్చుని హన్యా నీళ్లు పోశాడు. సారాని పూజారులం అలా పిలుచుకుంటాం, ప్రజ్ఞ పేరు పెడితే తాగినా పాపం అంటదని. చంటిపిల్ల బాగుందన్నాడు.

ఎవరూ వినకుండా అడిగాను. “నిరుడు చదివావే, ఆ వాక్యం. తర్వాత ఏముంది?”

“ఏ వాక్యమండీ?” అన్నాడు, నా గిన్నె నింపుతూ.